అబాబీల్‌కు ఇచ్చిన కౌలు

షాబాన్ నెల వచ్చిందంటే మా మొహల్లాలో సున్నం వాసన మొదలవుతుంది. రంజాన్ చాంద్ కనబడేలోపు మసీదుకు వెల్ల వేయించాలి, దరీలు ఉతికించాలి, ఫ్యాన్లు తుడిపించాలి. విజయవాడ వన్‌టౌన్‌లో నేను పుట్టి పెరిగిన గల్లీలో ఈ ఆనవాయితీ మా దాదాల కాలం నుంచీ నడుస్తోంది. మొన్న షాబాన్‌లోనూ అందుకే ఇషా నమాజ్ తర్వాత కమిటీ కూర్చుంది. చందా లెక్క అయింది. పెయింటర్ రేటు తేలింది. లేవబోతుండగా ముతవల్లీ సాబ్ పైకి చూపించి, "ఈసారి అవి కూడా గీకించేద్దాం" అన్నారు.

అవి అంటే వరండా కమానుల లోపలి మూలల్లో అంటుకుని ఉన్న అబాబీల్ గూళ్లు. గడ్డీ ఈకలూ కలిపి ముద్ద చేసి గోడకు కొట్టినట్టు ఉంటాయి. మొత్తం పదకొండు.

"జుమాకి అందరూ తెల్ల బట్టలతో వస్తారు మాస్టారూ. సజ్దాలో ఉండగా మీద పడితే ఎలా?" అన్నారు ముతవల్లీ సాబ్ నావైపు తిరిగి. ఆయన మాటలో తప్పు లేదు. మసీదును పాక్‌గా ఉంచడం ఆయన జిమ్మేదారీ.

మౌజన్ చిచ్చా మాత్రం గోడకు ఆనుకుని కూర్చుని, "ఎందుకులే సాబ్! ఫజ్ర్ అజాన్‌కి నేను లేచేసరికి ఈ మొహల్లాలో నాతోపాటు లేచేవి అవొక్కటే" అన్నారు. అందరూ నవ్వారు. నవ్వు అయ్యాక నిర్ణయం నా మీదికి వచ్చింది. ముప్పై ఏళ్లు బడిలో తారీఖ్ చెప్పినవాణ్ని కదా, ఏదైనా చెబుతానని. నేను వచ్చే జుమా దాకా మొహ్లత్ అడిగాను. ఆ వారంలో చదివిందీ, గుర్తు చేసుకున్నదీ మీ ముందు పెడుతున్నాను. చివర్లో ఏం జరిగిందో కూడా చెబుతాను.

ముందు పేరు సంగతి. మక్తబ్‌లో మన పిల్లలు మొదట కంఠస్థం చేసే సూరాల్లో సూరె ఫీల్ ఒకటి. ఖురాన్‌లో 105వ సూరా, ఐదే ఆయతులు. క్రీస్తు శకం 570 ప్రాంతంలో అబ్రహా ఏనుగుల లష్కర్‌తో కాబా మీదికి వచ్చిన వాకియా అందులో ఉంది. ఆ సూరాలో అబాబీల్ అన్న మాట పక్షి పేరు కాదు. అరబీలో దానికి గుంపులు గుంపులుగా అని అర్థం. వచ్చినవి ఏ పక్షులో సూరా చెప్పదు. ఉర్దూలోకి వచ్చేసరికి జనం ఆ మాటను ఆకాశంలో గుంపులుగా తిరిగే ఈ చిన్న నల్ల పక్షికి పేరుగా పెట్టేసుకున్నారు. మా దాదీమా వీటిని కాబా చౌకీదార్లు అనేది. చిన్నప్పుడు గూటి మీద రాయి విసిరితే, విసిరిన చెయ్యి పట్టుకుని ముందు రెండు తగిలించి, తర్వాత కిస్సా చెప్పేది. ఆమె తఫ్సీర్ కరెక్టు కాకపోవచ్చు. కానీ ఆ రెండు దెబ్బల వల్ల మా గల్లీలో చాలా గూళ్లు బతికాయి.

తెలుగువాళ్లు వానకోవిల అంటారు. ఆ పేరు కింద రెండు రకాల పక్షులు కలిసిపోయాయి. కరెంటు తీగ మీద వరసగా కూర్చునేది స్వాలో. మా మసీదుది స్విఫ్ట్. ఇది తీగ మీద కూర్చోదు, కూర్చోలేదు కూడా. దాని కాళ్లు చాలా పొట్టి, నాలుగు వేళ్లూ ముందుకే తిరిగి ఉంటాయి. గోడకు గోళ్లతో వేలాడగలదు గానీ కొమ్మ మీద నిలబడలేదు. పిచ్చుక కంటే పెద్దదేమీ కాదు. ఒళ్లంతా నలుపు, గొంతు దగ్గరా తోక మొదట్లోనూ తెలుపు. గాల్లోనే తింటుంది. ఎగిరే చిన్న పురుగులే దాని రిజ్ఖ్. గూటికి కావలసిన గడ్డిపోచా ఈకా కూడా గాల్లో తేలుతుంటే పట్టుకుని, తన ఉమ్మితో గోడకు అతికిస్తుంది. అదే దానికి సిమెంటు. ఒకసారి కట్టుకున్న గూటిని ఏళ్ల తరబడి వాడుకుంటుంది. గుడ్లు లేని కాలంలో కూడా రాత్రి పడకకు అక్కడికే వస్తుంది. అంటే మనం గూడు గీకేస్తే పోయేది ఆ ఏటి పిల్లలొక్కటే కాదు, ఇల్లే పోతుంది.

ఇక మన బుజుర్గుల సంగతి. సునన్ అబూ దావూద్‌లో ఒక హదీస్ ఉంది. సఫర్‌లో కొందరు సహాబాలు ఒక చిన్న పక్షి పిల్లల్ని రెండింటిని తీసుకున్నారు. తల్లి పక్షి వచ్చి రెక్కలు కొట్టుకుంటూ తిరిగింది. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం అది చూసి, దాన్ని బాధపెట్టిందెవరని అడిగి, పిల్లల్ని తిరిగి ఇచ్చేయమన్నారు. ఇంకొకటి ఈజిప్టు చరిత్రకారుల రివాయత్. 641 ప్రాంతంలో హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ రజియల్లాహు అన్హు అలెగ్జాండ్రియా మీదికి బయల్దేరబోతూ తన డేరా విప్పమన్నారు. డేరా మీద ఒక పావురం గుడ్లు పెట్టి ఉంది. విప్పొద్దు, అలాగే వదిలేయండన్నారు. గెలిచి తిరిగి వచ్చి ఆ డేరా చుట్టూనే ఊరు కట్టారు. ఫుస్తాత్ అంటే డేరా. నేటి కైరోకి అది మొదలు. ఆఫ్రికా ఖండంలోని తొలి మసీదుల్లో ఒకటి అక్కడే లేచింది.

ఉస్మానీ తుర్కులు ఇంకో అడుగు వేశారు. మసీదు గోడ మీదే పక్షులకు రాతి ఇల్లు చెక్కించారు. ఇస్తాంబుల్‌లోని ఉస్కుదార్‌లో 1710లో పూర్తయిన యెనీ వాలిదె మసీదు గోడ మీదా, తర్వాత యాభై ఏళ్లకు కట్టిన అయాజ్మా మసీదు గోడ మీదా అలాంటి చిన్న చిన్న మహళ్లు ఇప్పటికీ ఉన్నాయి. గుమ్మటాలూ కిటికీలూ మీనార్లూ అన్నీ ఉంటాయి, కానీ మనిషి పిడికిలి పట్టేంత జాగా. కట్టేటప్పుడే పరిందాల వాటా పక్కన పెట్టారన్న మాట.

మరి రెట్టల సంగతేమిటి? ముతవల్లీ సాబ్ సవాల్ అదే కదా. ఇమామ్ సాబ్‌ను అడిగాను. ఆయన హిదాయా తీసి చూపించారు. 12వ శతాబ్దంలో ఇమామ్ మర్గీనానీ రాసిన హనఫీ ఫిఖ్హ్ కితాబ్. పావురం, పిచ్చుక రెట్టతో నీళ్లు నాపాక్ కావు అని చెప్పి, దానికి చూపించిన దలీల్ నన్ను ఆశ్చర్యపరిచింది. మసీదులను శుభ్రంగా ఉంచాలన్న హుకుం తెలిసి కూడా ముసల్మానులందరూ పావురాలను మసీదుల్లో ఉండనిస్తూనే వచ్చారు, ఆ అలవాటే దలీల్. ఇమామ్ సాబ్ వెంటనే హెచ్చరించారు కూడా: "అబాబీల్ పావురం కాదు మాస్టారూ. దాని మసలా ముఫ్తీ సాబ్‌ను అడగాలి. పాక్ నాపాక్ ఒక ఎత్తు, సఫాయీ ఒక ఎత్తు. రెట్ట పడితే కడగాల్సిందే." ఒప్పుకున్నాను. కానీ నాకు కావలసింది దొరికింది. పక్షిని ఉండనివ్వడం ముందు వచ్చింది, కానూన్ దాని వెనక నడిచింది.

ఇక మన ఊరి సంగతి. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువలు పారాయి, డెల్టా పచ్చబడింది, 1890ల్లో కృష్ణ మీద రైలు వంతెన వచ్చింది, బెజవాడ పెద్ద జంక్షన్ అయింది. పాత ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఇవన్నీ మనిషి కోసం కట్టినవే. కానీ నీళ్లూ మాగాణీ ఉన్నచోట పురుగులు ఉంటాయి, పురుగులు ఉన్నచోట అబాబీల్ ఉంటుంది. వంతెన అడుగునా, కోట దర్వాజా కిందా, మసీదు కమాను లోపలా గూడు పెట్టడం వీటి పాత అలవాటు. సాయంత్రం బ్యారేజీ మీద నిలబడి చూస్తే నీళ్ల మీద ఇవి తిరిగే తీరు ఇప్పటికీ కనబడుతుంది.

నా బచ్‌పన్‌లో వన్‌టౌన్‌లో పెంకుటిళ్లు, దూలాల మీద ఇటుకా సున్నంతో వేసిన మద్రాసు టెర్రస్ మిద్దెలు చాలా ఉండేవి. చూరుల్లో పిచ్చుకలు, దూలాల సందుల్లో అబాబీళ్లు. మాగాణి ఊళ్లలో కోతలయ్యాక కొత్త వరికంకుల్ని జడలా అల్లి వసారాలోనూ గుళ్లలోనూ వేలాడదీసేవాళ్లు. పిచ్చుకలు తినడానికి. సదఖా అన్న పేరు వాళ్లు పెట్టలేదు గానీ పని అదే. తర్వాత మిద్దెలు పడగొట్టి స్లాబులు వేశాం, స్లాబుల మీద ఫ్లాట్లు లేపాం. అబాబీల్‌కు స్లాబుతో తగాదా లేదు. సిమెంటు వంతెన కింద కాపురం పెట్టిన పక్షికి స్లాబు మూల ఒక లెక్కా? తగాదా మనకే వచ్చింది. బాల్కనీలకు వలలు కట్టాం. ఉన్న గూళ్లను దసరాకో దీపావళికో రంజాన్‌కో సంక్రాంతికో కర్రతో గీకాం. ఏ పండగైనా మొదటి వేటు గూటి మీదే.

కానూన్ లేదా అంటే ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్న మాటకు ఇచ్చిన అర్థంలోనే అడవి పక్షుల గుడ్లను పాడుచేయడం, గూళ్లను కదిలించడం కూడా చేరి ఉన్నాయి. కానీ వెల్ల వేసే కుర్రాడి చేతిలోని పట్టీకి ఆ చట్టం ఎవరు చదివి వినిపిస్తారు? నిచ్చెన ఎక్కేవాడి కంటే ముందు, నిచ్చెన ఎక్కించేవాళ్లు ఒక మాట అనుకోవాలి.

ఆ మాట గురించే ఇప్పుడు చెబుతాను. మన తెలుగులో కౌలు అన్న మాట ఉర్దూ నుంచి వచ్చింది, అంతకు ముందు అరబీ నుంచి. ఖౌల్ అంటే మాట, ఇచ్చిన మాట. నవాబుల కాలపు కాగితాల్లో ఖౌల్‌నామా అంటే సర్కారు రైతుకు రాసిచ్చిన అభయం. నువ్వు దున్నుకో, ఇంత ఇవ్వు, మేం నిన్ను కదపం. అదే నలిగి నలిగి కౌలు అయింది. కృష్ణా డెల్టాలో కౌలు రైతంటే ఎవరో, కౌలు పోతే ఏమవుతుందో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

పక్షుల కోసం కూడా ఒక ఖౌల్ రాశారు. చెన్నైకి దక్షిణాన చెంగల్పట్టు జిల్లాలో వేడంతాంగల్ అనే ఊరుంది. చెరువులో కొంగలూ నీటికాకులూ వేల సంఖ్యలో గూళ్లు పెడతాయి. వాటి రెట్ట కలిసిన నీళ్లు పొలాలకు పారితే ఎరువు వేసినట్టే అని ఆ రైతులకు తెలుసు. 18వ శతాబ్దం చివర్లో కంపెనీ సిపాయిలు అక్కడ పక్షుల్ని కాలిస్తే ఊరివాళ్లు కలెక్టర్ లయొనెల్ ప్లేస్ దగ్గరికి పోయారు. ఆయన పక్షుల్ని ముట్టకూడదని ఒక కాగితం రాసిచ్చాడు. ఆ కాగితం పేరు కౌలే. 1858లో ఊరివాళ్లు దాన్ని మళ్లీ రాయించుకున్నారు. సర్కారు వాళ్లకు నేర్పలేదు. వాళ్లే సర్కారు చేత రాయించారు.

అంత దూరం ఎందుకు, గుంటూరు పక్కన ఉప్పలపాడు చూడండి. ఊరి మంచినీటి చెరువులో తుమ్మచెట్ల మీద గూడకొంగలూ ఎర్రకాళ్ల కొంగలూ వేలాదిగా గూళ్లు పెట్టాయి. వాసన ఉంటుంది, గోల ఉంటుంది, నీళ్లు తాగడానికి పనికిరావు. ఆ ఊరివాళ్లు చెరువును పక్షులకు వదిలేశారు. చెట్లు చాలకపోతే తర్వాత ఇనప చట్రాలతో చెట్ల లాంటివి నిలబెట్టారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, రాయలసీమలో వీరాపురం, అన్నీ ఇదే వరస. ఊరు మాట ఇచ్చింది, తర్వాత అధికారులు వచ్చారు.

కొల్లేరులో వరస తిరగబడింది. 1980ల నుంచి సరస్సులో చేపల చెరువులు లేచాయి. 1999లో సర్కారు దాన్ని అభయారణ్యం అంది, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో గట్లు తెగ్గొట్టారు. దాని మీద బతికిన కుటుంబాల కన్నీళ్లు మన జిల్లాల వాళ్లందరికీ తెలుసు, పక్షులకు జరిగిన నష్టమూ తెలుసు. ఎవరిది తప్పని తేల్చడానికి నేను రాయడం లేదు. కానూన్ వచ్చింది, ఖౌల్ రాలేదు. అంతే చెబుతున్నాను.

ఇంగ్లాండు ముచ్చట కూడా ఒకటి చెప్పాలి. అక్కడి స్విఫ్ట్ వేరే జాతి, వేసవికి ఆఫ్రికా నుంచి వచ్చి పాత ఇళ్ల కప్పుల సందుల్లో గుడ్లు పెడుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక మ్యూజియం టవర్‌లోని గూళ్లను డేవిడ్ లాక్ అనే సైంటిస్టు 1940ల చివర్లో గమనించడం మొదలుపెట్టి 1956లో పుస్తకం రాశాడు. ఆ గూళ్ల లెక్క ఈనాటికీ సాగుతోంది. చదువు అంత ఉన్న దేశంలోనే 1995 తర్వాత స్విఫ్ట్‌లు సగానికి పైగా తగ్గి, 2021లో ప్రమాద జాబితాలోకి ఎక్కాయి. తగ్గడానికి ఒక పెద్ద కారణం మరమ్మతులు. ఇల్లు వెచ్చగా ఉండాలని సందులన్నీ మూసేశారు. ఇప్పుడు మొహల్లా మొహల్లాకూ జనం జమై, కొత్త గోడల్లో గూటికోసం బోలుగా చేసిన ఇటుక పెట్టమని పోరాడుతున్నారు. ఉస్కుదార్ మేస్త్రీలు మూడు వందల ఏళ్ల కింద రాతిలో చెక్కింది వీళ్లు ఇటుకలో అడుగుతున్నారు.

మనకు ఇంకా ఆ గతి పట్టలేదు. మన అబాబీల్ ఇంకా పదిమందికి కనబడే పక్షే. అందుకే ఇప్పుడు మాట ఇవ్వడం తేలిక. నాకు తోచిన నాలుగు ముక్కలు ఇవీ. ఈ పక్షి ఎక్కువగా ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా గుడ్లు పెడుతుంది. మన రంజాన్ ఈ ఏళ్లలో సరిగ్గా ఫిబ్రవరి–మార్చిలో పడుతోంది, అంటే మన వెల్లా దాని గుడ్లూ ఒకేసారి. చాంద్ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి 2030లో రంజాన్ జనవరిలో ఒకసారి, డిసెంబర్ ఆఖర్లో మరోసారి వస్తుంది. అప్పటికి ఈ ఇబ్బంది దానంతటదే తగ్గుతుంది ఇన్షా అల్లాహ్. ఈలోపు గూటి చుట్టూ జానెడు వదిలి బ్రష్షుతో వెల్ల వేయించొచ్చు. గూళ్ల కింద అడుగున్నర దిగువన ఒక చెక్క పలక బిగిస్తే రెట్ట దాని మీదే పడుతుంది, జుమారాతు నాడు తీసి కడుక్కోవచ్చు. ఖర్చు ఒక పంఖా రిపేరు కంటే తక్కువ.

జుమా నాడు నమాజ్ తర్వాత ఇవన్నీ చెప్పాను. హిదాయా మాట ఇమామ్ సాబ్ చెప్పారు. కార్పెంటరు మా జమాత్ కుర్రాడే, పలకకు కూలి వద్దన్నాడు. ముతవల్లీ సాబ్ చాలాసేపు పైకి చూస్తూ కూర్చున్నారు. చివరికి, "ఒక్క ఏడాది చూద్దాం మాస్టారూ. బట్టల మీద పడ్డాయని ఒక్క షికాయత్ వచ్చినా వచ్చే షాబాన్‌లో తీసేయిస్తా" అన్నారు.

వెల్ల వేసేరోజు నేను అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అయినా నిచ్చెన తగిలి ఒక గూడు రాలింది. లోపల గుడ్లు లేవు, అల్హందులిల్లాహ్. పెయింటర్ కుర్రాడు దాన్ని రెండు చేతుల్లో పట్టుకొచ్చి, "సారీ సార్" అన్నాడు. విప్పి చూస్తే గడ్డీ, కోడి ఈకలూ, పావురం ఈకలూ, మధ్యలో మిలాదున్నబీకి మేం కట్టిన తోరణం నుంచి ఊడిన జరీ కాగితం ముక్క. మన పండగను కూడా తీసుకుపోయి ఇంట్లో పెట్టుకుంది. ముతవల్లీ సాబ్ ఆ ముక్కను వేలితో తిప్పి చూసి, ఏమీ అనకుండా వజూ చేసుకోవడానికి లేచారు.

పది గూళ్లు మిగిలాయి. పలకలు బిగిశాయి. ఒక్క ఏడాది గడువంటే నాకు మొదట తక్కువే అనిపించింది. కానీ ఆలోచిస్తే మన డెల్టాలో కౌళ్లు చాలా వరకు అలాంటివే. కాగితం ఉండదు, నోటి మాటే, ఏడాదికొకసారి తిరగ రాసుకోవాలి. రైతు పంట చూపిస్తే మాట నిలుస్తుంది. మా కౌలుదార్ల తరఫున ఆ పలకలు కడిగే పని నేనూ మౌజన్ చిచ్చా వంతులు వేసుకున్నాం. మీ మసీదు కమాను కింద, మీ అపార్టుమెంటు మెట్ల మూలన ఒకసారి తల ఎత్తి చూడండి. గూడు ఉంటే, నిచ్చెన వచ్చేలోపే పెద్దలతో మాట్లాడండి.